అద్దం ఇవతలి నుంచి ఒక దండం

సొంత వస్తువు గురించి ఏమీ తెలియకుండా, తెలుసుకోవాల్సిన అగత్యమే లేకుండా బతకడం ఒకప్పుడు జమీందార్లకే చెల్లేది. ఆ భాగ్యాన్ని ఈఎంఐలు కట్టుకునే మనలాంటివాళ్ళ దాకా తెచ్చిన ఘనత కార్ల కంపెనీల అధీకృత సర్వీస్ సెంటర్లది. ఇంత ఉపకారం చేసినా వాటిని తిట్టిపోసేవాళ్ళే తప్ప నాలుగు మంచి మాటలు అనేవాళ్ళు కనబడరు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు ముక్కలు.

ముందు మర్యాద సంగతి. గేటు దగ్గర సెల్యూట్, లోపల సోఫా, ఏసీ, మెషీన్ కాఫీ, గొంతు నొక్కేసిన న్యూస్ ఛానల్. కొత్తల్లుడికైనా మూడో పండక్కి మర్యాద కాస్త పలచబడుతుంది గానీ, ఇక్కడ కారు పాతబడే కొద్దీ చిక్కబడుతుంది. నమ్మకం లేకపోతే వారంటీ అయిపోయిన కారులో ఒకసారి వెళ్ళి చూడండి. సర్వీస్ అడ్వైజరే ఎదురొచ్చి తలుపు తీస్తాడు.

అతని చేతిలో ట్యాబ్ ఉంటుంది. కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, బంపరు మీది గీతలకు ఫొటోలు తీసుకుని, "కంప్లైంట్స్ ఏమైనా ఉన్నాయా సార్?" అంటాడు. ఏమీ లేవన్నామో, మన అమాయకత్వానికి లోలోపల జాలిపడతాడు. మనకు చెప్పుకోలేని బాధలు కారుకి బోలెడుంటాయి. బానెట్ ఎత్తకుండానే అవన్నీ అతనికి తెలిసిపోతాయి. ఇంజిన్ డీకార్బనైజింగ్, ఇంజిన్ ఫ్లష్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ డిసిన్‌ఫెక్షన్, అండర్‌బాడీ కోటింగ్, ఎలకలు వైర్లు కొరకకుండా ఒక స్ప్రే. జాబ్ కార్డు మీద ఇవన్నీ ఒక్క గుక్కలో ఎక్కుతాయి. పక్క కౌంటర్లో ఇంకో రంగు కారు ఆసామికీ ఇదే జాబితా, ఇదే వరసలో. రెండు వేర్వేరు కార్లకి ఒకేసారి ఒకే జబ్బులు రావడం, రెండూ ఒకే రోజు ఇక్కడికే రావడం దైవసంకల్పం కాక మరేమిటి?

నా కారు డ్యాష్‌బోర్డు అరలో, ప్లాస్టిక్ కవర్లో ఒక పుస్తకం ఉంది. కారు తయారుచేసిన కంపెనీయే అచ్చేయించింది. వెనక పేజీల్లో ఒక పట్టిక వేశారు. ఎన్ని కిలోమీటర్లకి లేదా ఎన్ని నెలలకి (ఏది ముందొస్తే అది) ఏది మార్చాలో, ఏది చూసి వదిలేయాలో అందులో ఉంది. ఇంజిన్ ఆయిలు, దాని ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, బ్రేక్ ఫ్లూయిడు, కూలెంటు, స్పార్క్ ప్లగ్గులు, ఇలాంటివే. డీకార్బనైజింగ్ అన్న మాట ఆ పట్టికలో మచ్చుకైనా లేదు. ఇంజిన్ ఫ్లష్షూ లేదు. ఆ ఇంజిన్‌కి బొమ్మ గీసి, పోత పోసి, ఎండలోనూ చలిలోనూ పరుగెత్తించి చూసిన ఇంజినీర్లకి ఆ ఊహే రాలేదు పాపం. అదే కంపెనీ బోర్డు కింద కూర్చున్న కుర్రాడికి వచ్చింది. తయారుచేసినవాడి కంటే అమ్మేవాడికి ఎక్కువ తెలిసే ఇలాంటి అద్భుతం మరే రంగంలోనైనా ఉందేమో మీరే చెప్పాలి. ఆ పుస్తకం కవరు చింపకుండా కాపాడుకుంటున్న వాహనదారులందరికీ ఈ అద్భుతంలో భాగం ఇవ్వాలనుకోండి.

ఉచిత సర్వీసుల ఔదార్యం మాటలకి అందదు. ఉచితం కూలికి మాత్రమే. ఆయిలు, ఫిల్టరు, డ్రెయిన్ ప్లగ్గు వాషరు, చివర్లో 'కన్స్యూమబుల్స్' అనే ఒక వరస మన ఖాతాలోకి వస్తాయి. గుడ్డపీలికలో, గ్రీజో, ఏదో డబ్బాలోంచి కొట్టిన స్ప్రేయో తెలియదు. "ఇదేంటి బాబూ?" అంటే "సిస్టమ్‌లో అలాగే వస్తుంది సార్" అంటాడు. ఆ సమాధానంలోని వినయం నాకు బాగా నచ్చింది. తానేమీ చేయడం లేదని, అంతా సిస్టమే చేయిస్తోందని ఒప్పుకునే నిష్కామకర్మ అది.

నైట్రోజన్ గాలి గురించి ఒక్క మాట. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. పెట్రోల్ బంకులో ఉచితంగా కొట్టే గాలిలోనూ ఉండేది అదే. విమానాల టైర్లలో నైట్రోజన్ నింపుతారు, దానికి కారణాలు వేరే ఉన్నాయి. మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా బ్రేకు మీద కాలు తీయకుండా వెళ్ళే కారుకీ ఆ విమానయోగం పట్టించాలనుకోవడం ఎంత పెద్ద మనసు! డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద అంటించిన చీటీలో ఏ టైరుకి ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. అది చూసి నెలకోసారి గాలి సరిచేసుకుంటే చాలనుకునే చిన్నబుద్ధి మనది.

ఇక ఏసీ ఫిల్టరు. చాలా కార్లలో అది డ్యాష్‌బోర్డు అర వెనకే ఉంటుంది. అరలో కాగితాలు తీసేసి, రెండు పక్కల గోడల్ని లోపలికి నొక్కితే పట్టు వదిలి అర కిందికి వేలాడుతుంది. ఎదురుగా సన్నటి పొడవాటి మూత కనిపిస్తుంది, చివర్లు నొక్కితే ఊడొస్తుంది. లోపల మడతలు మడతలుగా ఫిల్టరు. మెల్లగా లాగితే దుమ్ము, రెండు ఎండు వేపాకులు, ఒక్కోసారి ఎలక పోగేసుకున్న పీచు. కొత్తదాని అంచు మీద బాణం గుర్తు ఉంటుంది, గాలి ఎటు వెళ్ళాలో చెప్పడానికి. పాతదాని బాణం ఎటుందో చూసుకుని అలాగే తోసేస్తే పనైపోయింది. స్క్రూడ్రైవరు కూడా చాలావాటికి అక్కర్లేదు.

ఇంత చప్పటి పనిని సర్వీస్ సెంటరు ఎంత రసవత్తరంగా నడిపిస్తుందో చూడండి. మనం ఆఫీసులో మీటింగులో ఉండగా వాట్సాప్‌లో ఫొటో వస్తుంది. మసిబారిన ఫిల్టరు ఒకటి, పక్కనే మల్లెపూవులాంటి కొత్తది. కింద 'అప్రూవల్ ప్లీజ్ సార్'. ఇన్నాళ్ళూ పిల్లలు పీల్చింది ఈ గాలేనా అని గుండె గుభేలుమంటుంది, ఓకే కొట్టేస్తాం. ఆ నల్లది మన కారులోదేనా అనే పాడు అనుమానం సంస్కారం ఉన్నవాళ్ళకి రాదు. సాయంత్రం బిల్లులో ఫిల్టరు ధర, దాన్ని మార్చినందుకు కూలి, ఆ కూలి మీద 18 శాతం జీఎస్టీ. ఇంట్లో చేసుకుంటే ఫిల్టరు ధరతోనే ఆగిపోయి ఉండేది కథ.

అలా ఇంట్లో చేసుకునేవాళ్ళనీ చూస్తుంటాను. ఆదివారం పొద్దున్నే అపార్ట్‌మెంట్ సెల్లారులో పాత చొక్కా వేసుకుని బానెట్ ఎత్తుతారు. "ఏంటండీ, బండి ఆగిపోయిందా?" అని వాచ్‌మన్ దగ్గర్నుంచి సెక్రటరీ దాకా పరామర్శలు. డిప్‌స్టిక్ లాగి, తుడిచి, మళ్ళీ ముంచి, గీతల మధ్య ఎక్కడుందో వెలుతురులో పట్టి చూస్తారు. బ్యాటరీ టెర్మినల్స్ మీద పేరుకున్న తెల్లటి పొడిని వంటసోడా నీళ్ళతో కడుగుతారు. మరీ ముదిరినవాళ్ళు జాకీ ఎత్తి, జాకీని నమ్మకుండా స్టాండ్లు కూడా పెట్టి, ఆయిలు వాళ్ళే మారుస్తారు. చిన్న పెట్రోలు కారుకి ఇంచుమించు మూడు మూడున్నర లీటర్లు. తీసిన నల్ల ఆయిల్ని కాలవలో పోయకూడదని డబ్బాలో పట్టి, దాన్ని తీసుకునేవాడి కోసం ఊరంతా వెతుకుతారు. గోళ్ళలో మసి, నడుంనొప్పి, భార్య చేత చీవాట్లు. ఇంత పడీ వాళ్ళకి మిగిలేది ఏ గ్రేడు ఆయిలు పోశారో, వాషరు కొత్తది వేశారో లేదో ఖచ్చితంగా తెలియడమే. కారులో కొత్త చప్పుడు వస్తే ఎక్కణ్ణుంచో చెప్పేస్తారు. ఆ తెలివితో పాటు బెంగ కూడా వచ్చి చేరుతుంది కదా! మనకు అన్ని చప్పుళ్ళూ ఒకటే, అన్నిటికీ మందు యాప్‌లో బుకింగే.

ఆటోనగర్ మేస్త్రీల సంగతి ఇంకా ఘోరం. బెజవాడ ఆటోనగర్లో షెడ్డు ముందు కారాపితే సోఫా ఉండదు, స్టూలుంటుంది. "ఇలా రండి సార్, ఈ లైటు పట్టుకోండి" అని మన కారు కిందికి మన చేతే వెలుగు వేయిస్తారు. ఊడదీసిన ముక్క మన అరచేతిలో పెట్టి, అరిగింది ఎక్కడో చూపిస్తారు. బ్రేక్ ప్యాడ్లు మార్చమంటే, "ఇంకో ఐదువేలు ఆడతాయి, ఇప్పుడెందుకు దండగ?" అంటాడు మేస్త్రీ. చేతికొచ్చిన బేరాన్ని ఇలా కాలదన్నుకునే వీళ్ళకి అద్దాల షోరూములు ఎన్నటికి వస్తాయి?

సర్వీస్ సెంటర్లో ఆ మోటుదనం లేదు. మనకీ మన కారుకీ మధ్య పెద్ద అద్దం. అవతల కారు గాల్లోకి లేస్తుంది, ఎవరో కిందికి వెళతారు, వస్తారు. తర్వాత గంటసేపు ఎవరూ ఉండరు. దగ్గరికి వెళ్ళబోతే "సేఫ్టీ సార్, కస్టమర్స్ నాట్ అలౌడ్" అని కాఫీ చేతికిస్తారు. మన క్షేమం కోసం మన కారుని మన చూపు నుంచి కాపాడుతున్నారు.

ఇన్ని చెప్పినా కదలని మొండిఘటాలకి ఒక బ్రహ్మాస్త్రం ఉంది: "బయట చేయిస్తే వారంటీ పోతుంది సార్." ఈ ఒక్క ముక్క చెప్పేటప్పుడు వాళ్ళ కళ్ళలో కనబడే ఆందోళన తోడబుట్టినవాళ్ళకి కూడా ఉండదు. మన బుర్ర పాడవుతుందని దాచిపెట్టిన సంగతి ఒకటుంది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి దాదాపు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అసలు విడిభాగాలు బయట బజారులో దొరకనివ్వడం లేదని, లోపం కనిపెట్టే పరికరాలూ రిపేరు పుస్తకాలూ బయటి మెకానిక్కులకి అందనివ్వడం లేదని. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే గంపగుత్త షరతు పెట్టకూడదనీ ఆ ఉత్తర్వులోనే ఉంది. బయటివాడు చేసిన పాడుకి కంపెనీ బాధ్యత వహించదు, అది న్యాయమే. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి, ఆ వ్యాజ్యం సాగదీత వేరే పురాణం. 2022 డిసెంబరు 24న వినియోగదారుల శాఖ 'రైట్ టు రిపేర్' పోర్టల్ కూడా తెరిచింది, అందులో వాహనాలకీ చోటుంది. ఇవన్నీ లాంజ్‌లో గోడకి అంటిస్తే కాఫీ రుచి చెడుతుందని కాబోలు, సెరామిక్ కోటింగ్ ఆఫర్ పోస్టర్ ఒక్కటే అంటించారు.

వెటకారం కాసేపు పక్కన పెట్టి చెప్పాల్సింది కూడా ఉంది. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, విద్యుత్తు కార్లలో నారింజ రంగు కేబుళ్ళ జోలికి ఇంట్లో ఎవరూ పోకూడదు. వాటికి ఆ అద్దం అవతల ఉన్న పనివాళ్ళే దిక్కు, వాళ్ళలో చేయి తిరిగినవాళ్ళున్నారు. కంపెనీ తన తప్పు ఒప్పుకుని రీకాల్ చేస్తే ఆ ముక్కని ఉచితంగా మార్చేదీ అక్కడే. చాలా కంపెనీల వెబ్‌సైట్లలో ఛాసిస్ నంబరు కొట్టి మన కారు ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవచ్చు. డీకార్బనైజింగ్ గురించి అంత ధారాళంగా మాట్లాడిన అడ్వైజరు నా దగ్గర మాత్రం దీన్నెప్పుడూ ఎత్తలేదు. బహుశా దానికి టార్గెట్ లేదు.

అవును, కుర్రాడికి టార్గెట్లుంటాయి. నెలకి ఇన్ని ట్రీట్‌మెంట్లు, ఇన్ని కోటింగులు, ఇన్ని ఎక్స్‌టెండెడ్ వారంటీలు. నెలాఖరున కారు ఇస్తే అతని ప్రేమ మరీ పొంగిపోవడానికి కారణం అదే. ఆ ప్రేమ అతని సొంతం కాదు, పైనుంచి పంపిణీ అయింది. కాబట్టి నా స్తోత్రం అతనికి కాదు, ఆ ఎక్సెల్ షీటు గీసిన మహానుభావుడికి.

కారు ఇంటికొచ్చిన మూడో రోజు కంపెనీ నుంచి ఫోన్ వస్తుందని, పదికి పది ఇవ్వమని ఆ కుర్రాడే ముందు బతిమాలుకున్నాడు. "తొమ్మిది ఇచ్చినా ఫెయిల్ కిందే లెక్క సార్, ఇన్సెంటివ్ కట్ అవుతుంది" అన్నాడు. ఫోన్ వచ్చింది. పదకొండు ఇవ్వడానికి వీలుందా అని అడిగాను. ఆ అమ్మాయి కాసేపు వెతికి, లేదండీ, సిస్టమ్ తీసుకోదు అంది.