ఎవడు చేసిండు సార్ ఈ పని?

మా బావమరిది అమీర్‌పేటలో బిర్యానీ హోటలు పెడతాననగానే బాస్మతా, చిట్టిముత్యాలా అని ఇంటిల్లిపాదీ రెండు వర్గాలుగా చీలిపోయారు. అద్దెకు తీసుకున్నది సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటరనీ, ముందు దాన్ని పగలగొట్టాలనీ ఎవరికీ పట్టలేదు. బావని, పైగా రిటైరైనవాణ్ణి కాబట్టి దగ్గరుండి పగలగొట్టించే పని నా నెత్తిన పడింది.

బ్రేకర్ మిషన్ మొదలెట్టగానే జనం గుమిగూడారు. 2024లో చెరువు ఆక్రమణల్ని కూల్చే హైడ్రా వచ్చినప్పటి నుంచీ హైదరాబాదులో కూల్చే చప్పుడు వినిపిస్తే చాలు, చుట్టుపక్కల చెరువెక్కడుందా అని వెతుక్కుంటున్నారు.

"ఇది చెరువు ఎఫ్‌టీఎల్‌లో ఉందా అంకుల్?" అన్నాడో కుర్రాడు.

"లేదు నాయనా, హైదరాబాదీ దమ్‌లో ఉంది" అన్నాను.

బోర్డు పీకడంతో అసలు తవ్వకాలు మొదలయ్యాయి. జావా ఫ్లెక్సీ కింద డాట్‌నెట్, దాని కింద మెయిన్‌ఫ్రేమ్స్, అట్టడుగున తుప్పు పట్టిన రేకు మీద పసుప్పచ్చ ఎస్‌టీడీ, ఐఎస్‌డీ, పీసీఓ. లోపల ప్లైవుడ్ తీస్తే గోడ నిండా బాల్‌పెన్నుతో రాసిన ఫోన్ నంబర్లు. ఒకదాని పక్కన బ్రాకెట్లో "డబ్బులడగొద్దు" అని ఉంది. ఈ కొట్టులోంచి అమెరికాకి ముందు మాటలు వెళ్ళాయి, తర్వాత మనుషులు వెళ్ళారు. ఇప్పుడు వెళ్ళాల్సింది పొగ. దానికే దారి లేదు.

పొగగొట్టం డాబా దాటి పైకి పోవాలి. మధ్యలో లేడీస్ హాస్టలుంది. బిర్యానీ వాసన కిటికీల్లోకి వస్తే తన సాంబారు ఎవరు తింటారని హాస్టలావిడ బాధ. న్యాయమే. సిద్ధాంతిగారేమో వంటగది ఆగ్నేయంలోనే ఉండాలన్నారు. ఆగ్నేయంలో లావుపాటి పిల్లరుంది.

"దీన్ని తీసేస్తే ఎలా ఉంటుంది బావా?" అన్నాడు మావాడు.

మేస్త్రీ నాకంటే ముందే అందుకున్నాడు. "తీయొచ్చు సార్. తీస్తే హాస్టల్ గూడ మన హోటల్లకే వస్తది."

మావాడి దగ్గర మాత్రం 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు అప్పుడే సిద్ధంగా ఉంది. అందరికీ కనిపించేలా గోడకి తగిలించాలట. గోడే ఇంకా లేవలేదు.

కూల్చిన ఇటుక ముక్కల్ని జీడిమెట్ల ప్లాంటుకి పంపాం. అక్కడ వాటిని పిండి చేసి ఇసుక, పేవర్ టైల్స్ తయారుచేస్తారు. మావాడి మొహం మాత్రం ఖర్చు విన్న కొద్దీ ప్లాంటుకి వెళ్ళకుండానే పిండయింది.

ఇక పనివాళ్ళు. ఎవరొచ్చినా గుమ్మంలో నడుం మీద చెయ్యేసుకుని అడిగే మొదటి మాట ఒకటే: "ఎవడు చేసిండు సార్ ఈ పని?" నేల కడిగితే నీళ్ళు గ్రీజ్ ట్రాప్ వైపు కాకుండా గల్లాపెట్టె వైపు వాలుతున్నాయని ప్లంబరు టైల్స్ అతన్ని తిట్టాడు. పైపు ఎత్తులో పెట్టాడని అతను ప్లంబర్ని తిట్టాడు. ఎలక్ట్రీషియనైతే ఫాల్స్ సీలింగ్ ఊడదీసి, వేలాడుతున్న వైర్లని చూసి తల కొట్టుకున్నాడు. "ఇసొంటి వైరింగ్ జిందగీల చూడలే సార్. ఎవడో గాని లోపలెయ్యాలె వాణ్ణి."

పాన్‌డబ్బా పెద్దాయన సున్నం రాస్తూనే తలెత్తకుండా అన్నాడు: "కోచింగోళ్ళు వచ్చినప్పుడు చేసింది నువ్వే గదనే."

అతను నిచ్చెన మీదే ఒక్క క్షణం ఆగాడు. వైరొకటి లాగి చూశాడు.

"నేన్ మంచిగనే చేసిన. తర్వాత ఎవడో ఖరాబ్ చేసిండు."