మర్నాటి వాక్యానికి టీకా తాత్పర్యాలు

మూలం: "రాత్రి రెండే వేశానే. తల పగిలిపోతోంది. కాసిని మజ్జిగ ఇలా పట్టుకురా."

అవతారిక: బెజవాడ కృష్ణలంకలో ఒక గృహస్థు ఆదివారం ఉదయం ఏడింటికి మంచం దిగకుండా ఇల్లాలితో పలికిన వాక్యమిది. ఛందస్సు లేదు. ఆ వేళకు యతిప్రాసలు ఎవరికి కుదురుతాయి?

ప్రతిపదార్థం: రాత్రి = నిన్న పదింటికి; రెండే = (దీని సంగతి కింద చూతము); వేశానే = తాగితినే; తల = శిరస్సు; పగిలిపోతోంది = పగలలేదు గాని, పగిలినా బాగుండునన్నట్లున్నది; కాసిని = పెద్ద గ్లాసుడు; మజ్జిగ = ఉప్పేసి నిమ్మకాయ పిండినది; ఇలా = నేను లేవను గనుక ఇక్కడికే; పట్టుకురా = తెమ్ము.

తాత్పర్యం: హ్యాంగోవరు.

విశేషాలు: 'రెండే' అన్నచోట పాఠభేదమున్నది. పటమట ప్రతిలో రెండు పెగ్గులు, వన్‌టౌన్ ప్రతిలో రెండు క్వార్టర్లు. ఇది చిన్న తేడా కాదు. మన సీసాల్లో ఆల్కహాలు 42.8 శాతం. అరవై మిల్లీల పెగ్గులు రెండైతే సుమారు 40 గ్రాములు. క్వార్టర్లు రెండైతే 120. కాలేయం గంటకు సుమారు ఏడెనిమిది గ్రాములే కరిగిస్తుంది. పెగ్గుల పాఠం ప్రకారం తెల్లవారుజామున నాలుగింటికల్లా రక్తం శుభ్రపడుతుంది. క్వార్టర్ల పాఠమైతే మధ్యాహ్నం రెండింటి దాకా దిగదు. హ్యాంగోవరు మొదలయ్యేదే రక్తంలో మద్యం సున్నాకు చేరువవుతున్నప్పుడు గనుక, వన్‌టౌన్ గృహస్థుకు ఏడింటికున్నది హ్యాంగోవరు కాదు, నిన్నటి మత్తే. అతడు బండి తీస్తే బెంజ్ సర్కిల్ దగ్గర ఊదించే యంత్రానికి దొరుకుతాడు. చట్టం ఒప్పేది 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములే. పటమటాయనకు యంత్రం సున్నా చూపిస్తుంది. తల మాత్రం పగులుతూనే ఉంటుంది.

'తల పగిలిపోతోంది': దీనికి రుజువేమి? వ్యాఖ్యాతలందరూ తడబడిన చోటిది. మద్యం విరిగితే పుట్టే ఎసిటాల్డిహైడే దోషి అని పూర్వపక్షం. రక్తంలో దాని మోతాదుకూ బాధ తీవ్రతకూ లెక్క కుదరలేదు. మూత్రంలో ఇథైల్ గ్లూకురోనైడ్ రెండు మూడు రోజులైనా దొరుకుతుంది గదా అంటే, అది తాగావని చెబుతుంది, నొచ్చిందని చెప్పదు. సారాయంతోపాటు సీసాలో ఉండే కల్తీ కాని మలినాలు, అంటే కంజెనర్లు, కారణమని మరొక మతం. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయం వారి 2010 నాటి పరిశోధనలో, వోడ్కా కన్నా అవి 37 రెట్లున్న బర్బన్ తాగినవారికి తెల్లారి బాధ ఎక్కువైంది. మన బ్రాందీలో చాలామటుకు ద్రాక్ష ఉండదు, చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్టే. కాబట్టి ఆ లెక్క ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోరాదు.

ఒంట్లో వాపును రేపే సైటోకైన్లు పెరుగుతాయని ఇంకొందరు. ఈ మతం మీద నాకూ కొంత మొగ్గుంది. కాని అవి జలుబులోనూ పెరుగుతాయి. 1995 నుంచి 1997 దాకా రాష్ట్రమంతటా మద్యనిషేధం నడిచిన కాలపు ప్రతుల్లో 'రెండే వేశానే' బదులు 'జలుబు చేసిందే' అనే పాఠం కనిపిస్తుంది. ఆ పాఠాన్ని సైటోకైన్ల పరీక్ష కూడా పట్టుకోలేదు.

సుశ్రుతుడు దాహం, తలనొప్పి, కీళ్ల పోటు, నోటి అరుచి చెప్పి దీన్ని పరమదమన్నాడు. కడుపుబ్బరం, మంటా ఉంటే పానాజీర్ణమన్నాడు. ఇప్పటి పరిశోధకులూ ఒక కాగితమిచ్చి, దాహమెంత, తలనొప్పి ఎంత, మార్కులెయ్యమంటున్నారు. షుగరుకూ థైరాయిడ్‌కూ రక్తం తీసే ల్యాబు వీధికొకటున్నా, దీనికి పరీక్ష రాలేదు. రోగి మాటే ప్రమాణం. ఆ రోగి వాక్యం మొదలయ్యేదేమో 'రాత్రి రెండే' అని.

అలంకారం: అపహ్నవం.

'మజ్జిగ': మద్యం వాసోప్రెసిన్‌ను అణచడం చేత మూత్రం ఎక్కువై దాహం పుడుతుంది. మజ్జిగ దాహం తీరుస్తుంది. తలనొప్పి దాహానికి తోబుట్టువే గాని బిడ్డ కాదు, కనుక అది తన వేళకే పోతుంది. ఆ పోయే వేళకు గ్లాసు ఖాళీ అయి ఉండడం వల్ల కీర్తి మజ్జిగకు దక్కుతోంది.

'పట్టుకురా': దీనికి ఇల్లాలి ఉత్తరం మూలంలో లేదు. గవర్నర్‌పేట ప్రతిలో మాత్రం "ఫ్రిజ్‌లో ఉంది, లేచి తెచ్చుకో. సీసాలు రెండూ మంచం కింద నుంచి తీసెయ్" అని ఉన్నది. ప్రక్షిప్తమని కొందరు పురుష వ్యాఖ్యాతలు.