బద్ధకానికి బిరుదు

మాదాపూర్‌లో ఇప్పుడు బద్ధకస్తులు లేరు, 'సోషల్ లోఫింగ్' ఉంది. అలిగి మూతి ముడుచుకున్నవాడు 'పాసివ్ అగ్రెసివ్'. బాసు మాటకల్లా తలలూపితే 'గ్రూప్‌థింక్'. ఈ మాటలు నేర్పడానికి శిక్షణా తరగతులున్నాయి, ప్రొజెక్టరుంది, మధ్యాహ్నం పనీర్ బిర్యానీ ఉంది. (బిర్యానీలో పనీర్ వేసే ప్రవర్తనకు మాత్రం ఇంగ్లీషువాడు ఇంకా పేరు పెట్టలేదు.)

మాటల్ని తప్పు పట్టడం లేదు. వాటి వెనక చాకిరీ ఉంది. రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు మనుషుల చేత తాడు లాగించి మరీ కొలిచాడు. ఎనిమిది మంది కలిసి లాగితే, ఒంటరిగా లాగినప్పటి బలంలో తలా సగం కూడా రాలేదు. 1913లో అచ్చయిన లెక్క ఇది. మనవాళ్లు దీన్ని చదివి తొమ్మిదో మనిషిని వేశారు. మిగతా ఎనిమిది మంది ఎందుకు లాగడం లేదో పవర్‌పాయింటులో చూపించడం ఆయన ఉద్యోగం.

'పాసివ్ అగ్రెసివ్' కథ ఇంకా రంజుగా ఉంటుంది. ఎదురు చెప్పకుండానే ముఖం మాడ్చుకుని, పని నానబెట్టే సైనికుల గురించి 1945లో అమెరికా యుద్ధ శాఖ రాసుకున్న మాట అది. 1952లో మానసిక రుగ్మతల పట్టికకెక్కింది. 1994 కల్లా డాక్టర్లే దాన్ని అనుబంధంలోకి నెట్టేశారు. వాళ్లు పక్కన పెట్టిన జబ్బును మన హెచ్ఆర్ వాళ్లు అప్రైజల్ ఫారంలో భద్రంగా దాచుకున్నారు. "అలాగే సార్, చూస్తాను సార్" అన్న జవాబుకు ఇంత చరిత్ర ఉందని మన సర్కారీ గుమాస్తాకు తెలిస్తే పీఆర్సీలో వాటా అడుగుతాడు.

పేరు పెట్టాక ఇక తప్పు చేసినవాడంటూ ఉండడు. అందరూ ఏదో ఒక 'ఎఫెక్టు' బాధితులే. ఫైలు ఎవరు పోగొట్టారయ్యా అంటే, "డైనమిక్స్ సార్" అంటారు. డైనమిక్స్‌కు మెమో ఎలా ఇస్తాం?

జెర్రీ హార్వే అనే ప్రొఫెసరు 1974లో చెప్పిన అబిలీన్ వ్యవహారం వీటన్నిటికంటే మనకు దగ్గర. టెక్సాస్‌లో దుమ్ము రేగుతున్న ఎండ, నలభై డిగ్రీలు. చల్లగా ఏదో తాగుతూ ఇంటిపట్టున కూర్చున్న కుటుంబం. అబిలీన్ వెళ్లి భోంచేద్దామా అన్నాడు మామగారు. ఓహో అన్నారందరూ. ఏసీ లేని కారులో వెళ్లి, రుచీపచీ లేని తిండి తిని, రానూపోనూ 106 మైళ్లు తిరిగొచ్చాక తేలిందేమిటంటే, వెళ్లాలని ఒక్కరికీ లేదు. మామగారికి కూడా. ఎదుటివాళ్లు విసుగెత్తిపోయారేమోనని ఆయన మాటవరసకి అన్నాడు. మే నెలలో టీం అవుటింగుకని అనంతగిరి బస్సెక్కినవారికి దీని వివరణ అక్కర్లేదు. వాంతులు చేసుకుంటూ కూడా గ్రూపులో 'సూపర్ ట్రిప్' అని పెట్టారు.

చివరికి కోళ్ల దగ్గరికొద్దాం. నార్వేలో షెల్డెరప్ ఎబ్బె అనే ఆయన చిన్నప్పటినుంచీ కోళ్లవంక చూస్తూ, ఏది దేన్ని పొడుస్తుందో రాసిపెట్టుకున్నాడు. 1921 నాటికి అది శాస్త్రమైంది, 'పెకింగ్ ఆర్డర్' పుట్టింది. కోళ్లలో ఒక మర్యాదుంది. ఎవరెవర్ని పొడవాలో ఒకసారి తేలాక కొట్లాటలు తగ్గుతాయి. ఆఫీసులో ఆ సుఖం లేదు, మూడు నెలలకోసారి రీఆర్గనైజేషన్.

మొన్నొక కంపెనీ సభలో వైస్ ప్రెసిడెంటు గారు దీని మీదే మాట్లాడారు. "మన దగ్గర పెకింగ్ ఆర్డరనేదే లేదు, ఇక్కడంతా సమానమే" అని ప్రకటించారు. ముందు డైరెక్టర్లు చప్పట్లు కొట్టారు. వాళ్లను చూసి మేనేజర్లు, మేనేజర్లను చూసి లీడులు. కాంట్రాక్టు కుర్రాళ్లు వెనక గోడకానుకుని, ఇక కొట్టొచ్చా అన్నట్టు లీడుల వంక చూస్తున్నారు.