లేక్ వ్యూ ప్లాటు

హైదరాబాద్ చుట్టుపక్కల వెంచర్‌లో ముందు పుట్టేది ఆర్చి. తర్వాత సున్నం పూసిన హద్దురాళ్లు, నాలుగు కొబ్బరి మొక్కలు, ఆదివారం ఏసీ బస్సు, బిర్యానీ ప్యాకెట్టు. ఎయిర్‌పోర్టుకు ఇరవై నిమిషాలేనట. విమానంలో కాబోలు!

కొనేవాడి బెంగల్లా ఒక్కటే: ఈశాన్యం పెరిగిందా, తగ్గిందా? కానీ వెంచర్ మొత్తం స్థలం 500 చదరపు మీటర్లు దాటితే స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా ఇచ్చే నంబరు లేకుండా అమ్మడమే కాదు, ప్రకటన వేయడమూ కూడదంటోంది 2016 నాటి చట్టం. ఆ నంబరేదని అడిగి చూడండి. "ప్రీలాంచ్ సార్, అందుకే గజం ఈ రేటుకు" అంటాడు ఏజెంటు. మనవాడు మురిసిపోయి అడ్వాన్సు చేతిలో పెడతాడు.

సర్కారువారి ముచ్చట వేరు. అనుమతి లేని లేఅవుట్లలోనూ రిజిస్ట్రేషన్లు చేసి స్టాంపు డ్యూటీ పట్టారు. అనుమతి లేదు గనక ఇల్లు కట్టొద్దన్నారు. వెయ్యి రూపాయలు కట్టి లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం ఎల్ఆర్ఎస్‌కు దరఖాస్తు పెట్టుకోమన్నారు, 2020లో. జనం ఏళ్ల తరబడి గుడ్లప్పగించి చూశాక, 2025లో "త్వరపడండి, 25 శాతం రాయితీ" అన్నారు. ఆషాఢం సేల్ నయం.

ఇక చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు, అంటే ఎఫ్‌టీఎల్‌లో ప్లాటు కొన్నవారికి 2024లో ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా బుల్డోజర్ దర్శనం. "లేక్ వ్యూ" అన్న ఏజెంటును తప్పుపట్టలేం. వానాకాలం చెరువు నేరుగా హాల్లోకే వచ్చి కనబడుతుంది మరి!