గూడూరు పప్పుగుత్తి ఆత్మకథ

అడుగున గుండ్రటి తల, తల చుట్టూ నిలువు గాడులు, పైన చేతికి పట్టు దొరికేంత కాడ: పప్పుగుత్తి అంటే ఇంతే. ఉడికిన బేడలనూ కూరగాయలనూ ఎనపడం దాని పని. కర్నూలు జిల్లాలో, హంద్రీ తుంగభద్రల నడుమ ఉన్న గూడూరులో ఒక ఇంటి పొయ్యి పక్కన మేకుకు వేలాడే పప్పుగుత్తి చెప్పుకునే తన కథ ఇది. వడ్రంగి ఉలి కింద తయారై, ఏటా జనవరిలో జరిగే ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో అమ్ముడుపోయి అది ఈ ఇల్లు చేరింది. దాని పుట్టుక గురించి చెప్పడానికి ఇంతకన్నా ఏమీ లేదు. దాని తల కింద నలిగిన కూరలే దాని చరిత్ర.

అన్నిటికన్నా ఎక్కువసార్లు ఎనిపింది పుంటికూర (గోంగూర) పప్పు. కందిబేడలు కడిగి, పసుపూ చుక్క నూనే వేసి ముందుగా ఉడకబెడతారు. బేడ మెత్తబడ్డాకే పుంటికూర, పచ్చిమిరపకాయలు, ఎర్రగడ్డ ముక్కలు పడాలి. ఈ వరుస తప్పితే ఎంతసేపు మండించినా పప్పు ఉడకదు. గింజలో కణాల గోడలను అతికి ఉంచే పెక్టిన్ కరిగితేనే బేడ మెత్తబడుతుంది. పులుపు దాన్ని కరగనివ్వదు. సున్నం ఎక్కువగా ఉన్న బోరునీళ్లలోనూ ఇదే ఇబ్బంది. అందుకే పుల్లటి ఆకు ఎప్పుడూ చివర్లోనే. ఉడకని బేడ సంగతి వంట చేసే మనిషి కన్నా ముందు పప్పుగుత్తికే తెలుస్తుంది. ఎంత నొక్కినా నలగక తల కింద నుంచి పక్కకు జారిపోతుంది.

ఎనపడానికీ ఒక పద్ధతి ఉంది. ఉడికిన పప్పులోంచి కట్టు వంచి పక్కన పెట్టుకోవాలి. మిగిలిన గట్టి ముద్దలో ఉప్పు వేసి ఎనిపి, ఆ తర్వాత కట్టును కొద్దికొద్దిగా కలుపుకోవాలి. నీళ్లుండగా ఎనిపితే బేడ నలగదు, ఆకు చిక్కదు. కట్టె తల గింజను నలుపుతుంది, ఆకును పీచు పీచుగా విడదీస్తుంది. అక్కడక్కడా సగం బేడ మిగిలే ఉంటుంది. మిక్సీ బ్లేడు అన్నిటినీ ఒకే తీరున కోసేస్తుంది. గింజలోని పిండి బయటపడి పప్పు జిగురవుతుంది. పంటికి ఏదో ఒకటి తగలని పప్పు పప్పు కాదు. చివరికి బుడ్డల (వేరుశెనగ) నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, దంచిన తెల్లగడ్డ, కరివేపాకు వేసి తాలింపు పెడతారు.

చుక్కాకు, పాలాకు, మెంత్యాకు, సిర్రాకు అన్నీ ఇదే దారిలో పప్పులోకి చేరతాయి. తొలకరి వానలకు చేలల్లో తమంతట తామే మొలిచే చెంచలాకు, గురుగాకుల రుచి వేరు. కలుపు తీయడానికి పోయిన ఆడవాళ్లు సాయంత్రం ఒడి నింపుకొని తెస్తారు. పైసా ఖర్చు లేని ఈ కూరను మించిన వానాకాలపు కూర పప్పుగుత్తి ఎరగదు. కలుపుమందు కొట్టిన చేలో మాత్రం ఇది దొరకదు.

పప్పు తర్వాత చెప్పుకోవలసింది పుల్లగూర. రాయలసీమ వంటకు అసలైన గుర్తు ఇదేనని పప్పుగుత్తి నమ్మకం. వంకాయలు, టమాటాలు, పచ్చిమిరపకాయలు, ఎర్రగడ్డలు, గుప్పెడు ఆకుకూర, కాస్త చింతపండు ఒకే గిన్నెలో వేసి, కొద్ది నీళ్లతో మూత పెట్టి ఉడికిస్తారు. బేడలు ఉండవు, మసాలా ఉండదు. నీరు ఇగిరాక ఉప్పు వేసి ఎనుపుతారు. వంకాయ వెన్నలా నలిగి తక్కిన వాటినన్నిటినీ తనలో కలుపుకుంటుంది. పచ్చిమిరపకాయలు చితికే కొద్దీ ఘాటు పైకి లేస్తుంది, పక్కనున్న వాళ్లు దగ్గుతారు. తెల్లగడ్డ తాలింపుతో దించిన పుల్లగూరను వేడి అన్నం, సంగటి, రొట్టె దేనితో తిన్నా కుదురుతుంది. ఇంట్లో బేడలు నిండుకున్న రోజున కూడా కడుపు నింపేది ఇదే.

ఈ గిన్నెలో వంకాయ ఈ నేలదే. మిరపకాయను మాత్రం 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు అమెరికా ఖండం నుంచి తెచ్చారు. టమాటా కూడా అక్కడిదే. పల్లెల్లో పొయ్యి దాకా రావడానికి దానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడు గూడూరుకు నైరుతిన పత్తికొండ, ఆస్పరి మార్కెట్లకు టమాటా గంపలు గంపలుగా వస్తుంది. ధర పడిపోయినప్పుడు రైతులు రోడ్డు పక్కన పారబోసి పోతారు. అంత కష్టపడి పండించిన కాయకు కూలి కూడా రాకపోవడం ఈ ప్రాంతానికి తీరని బాధ.

కొన్ని కూరలకు పప్పుగుత్తితో పనే లేదు. మటిక్కాయలు (గోరుచిక్కుడు) అందులో మొదటివి. ఈనెలు తీసి, తుంచి, ఉప్పు నీళ్లలో ఉడికించి వార్చి, తాలింపులో వేయించి, పైన బుడ్డల పొడో పప్పుల పొడో చల్లుతారు. కాయలోని కాస్త చేదును ఆ పొడి కమ్మదనం సరిచేస్తుంది. ఎండిన మటిక గింజల నుంచి తీసే బంక ఐస్‌క్రీముల్లోకీ చమురు బావుల్లోకీ పోతుంది. కూర మాత్రం లేత కాయలదే. నూనె వంకాయ పండగ రోజులదీ, చుట్టాలు వచ్చిన రోజులదీ. బుడ్డలు, నువ్వులు, ఎండుకొబ్బరి, ధనియాలు, ఎండుమిరపకాయలు వేయించి నూరిన ముద్దను గుత్తులుగా చీల్చిన లేత వంకాయల్లో కూరి, నూనె పైకి తేలేదాకా సన్నటి మంట మీద మగ్గిస్తారు.

నూనె వంకాయకు సరైన జోడు జొన్నరొట్టె. జొన్నపిండికి సాగే గుణం లేదు కాబట్టి కాగే నీళ్లు పోసి కలిపి, అరచేత్తో తట్టి, పెనం మీద వేసి పైన తడి అద్దుతారు. రొట్టె మీదే కూర వేసుకుని, పక్కన పచ్చి ఎర్రగడ్డ పెట్టుకుంటే కంచం నిండినట్టే. జొన్నలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, కందిపప్పులో ఎక్కువ. పప్పులో కొరవడే మెథియోనిన్ జొన్న నుంచి అందుతుంది. రొట్టె, పుంటికూర పప్పు కలిపి తినేవాళ్లకు ఈ లోటు రెండు వైపులా తీరిపోతుంది.

ఎండాకాలం ఆకుకూర తగ్గుతుంది. అప్పుడు పప్పులోకి పుంటికూర స్థానంలో మామిడికాయ వస్తుంది. ముందే కోసి ఎండబెట్టిన వంకాయ, మటిక్కాయ, కాకరకాయ ఒరుగులను డబ్బాల్లోంచి తీసి వేయిస్తారు.

ఈ ఇంట్లో పప్పు మట్టికుండలో ఉడికేది. తర్వాత కుక్కరు వచ్చింది. దేశంలో ప్రెస్టీజ్, హాకిన్స్ కుక్కర్లు రెండూ 1959లో మొదలయ్యాయి. ఆవిరి ఒత్తిడికి లోపలి వేడి సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది, గంట పని నిమిషాల్లో అయిపోతుంది. కట్టెలు మిగిలాయి, ఆడవాళ్లకు పొగ తగ్గింది. ఇది మంచి మార్పే. అయితే కుక్కరు ఉడికించగలదు, ఎనపలేదు. కాబట్టి మేకు మీది పప్పుగుత్తికి పని తప్పలేదు.

కొత్తగా కొనేవాళ్లు గాడులు లోతుగా, కాడ బిగువుగా, రంగు పూయని కట్టెతో ఉన్నదే ఎంచుకోవాలి. పులుపు తగిలిన కట్టెను రాత్రంతా నీళ్లలో వదలకూడదు, పగులుతుంది. వాడిన వెంటనే కడిగి, తల కిందకు ఉండేలా నీడలో వేలాడదీస్తే ఏళ్ల తరబడి పనిచేస్తుంది.