“ఒక్క మ్యాచే” అను వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము: “రాత్రి పదింటికి షార్ప్‌గా అందరూ లాబీలో ఉండాలి. ఒక్క మ్యాచే. డిసిప్లిన్ ముఖ్యం.”

అవతారిక: ఇది మా స్క్వాడ్ నాయకుడు సాయంకాలవేళ వాట్సాప్ గ్రూపునందు అనుగ్రహించు వాక్యము. వీరు పగలు టీమ్ లీడు, రాత్రి బీజీఎంఐ అను ఫోను ఆటలో సేనాని. ఉద్యోగము, ఆట, సంసారము అను మూటిని సమన్వయించుచు ఎక్సెల్ షీటొకటి రచించి మాకు పంపిరి. అందు ఉద్యోగమునకు ఎరుపు, ఆటకు నీలము. సంసారపు గడికి రంగు వేయుట మరచిరి.

ప్రతిపదార్థము: సుగమము. వదలివేయుచున్నాము.

విశేషము: మూలమున లేనిది వ్రాయను, అక్కరలేనిది చెప్పను అని నియమము పెట్టుకొన్నవాడు మెదకుసీమ కొల్చారపు మల్లినాథసూరి. మాకట్టి నియమము లేదు గనుక ద్రోణపర్వమునకు పోవుదము. యుద్ధమున పదునాలుగవనాడు సైంధవుడు కూలిన పిదప ప్రొద్దు గ్రుంకినను పోరు ఆగలేదు. దివిటీలు పట్టించి పొడుచుకొనిరి. ఘటోత్కచుడు పడినది ఆ రాత్రియే. అటుపై ఇరుసేనలు నిద్రకు తూలుచుండగా, చంద్రోదయము దాక పరుండుడని కేకవేసినవాడు అర్జునుడు. కౌరవభటులు సైతము అతనిని దీవించి, ఏనుగులపై, గుర్రాలపై, రథములలో ఎక్కడివారక్కడ కునుకు తీసిరి. కొడుకును పోగొట్టుకొన్న పక్షమువాడు శత్రువునకు నిద్ర ఇచ్చినాడు! ఈ ఘట్టమును చదివినప్పుడెల్ల మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుందుము.

ఏమి చెప్పుచుంటిమి? ఆ, మ్యాచ్. నూరుగురు విమానమునుండి ఆటలోని రణరంగమగు ఎరాంగెల్‌పై దూకుదురు. 8 కిలోమీటర్ల పొడవు, అంతియే వెడల్పు. కడదాక నిలిచినచో అరగంట. నడుమ ఆపుటకు మీట లేదు. పసిపిల్ల ఏడ్చినను సర్వరు చంద్రోదయమునకై వేచియుండదు.

తాత్పర్యము: సేనానిగారి మైకు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. “పాపని కాస్త ఎత్తుకోండి, అన్నం కలపాలి” అని వాళ్లావిడ అనడం మేం ముగ్గురం రోజూ వింటాం. “రెండే నిమిషాలు” అంటాడాయన. సర్కిల్ ఇంకా సగానికైనా రాలేదని, ఆట చాలా మిగిలుందని మాకు తెలుసు. ఆవిడా ఉద్యోగం చేస్తుంది. పొద్దున బాక్సులూ ఆవిడే కట్టాలి. ఆయన పదింటికి షార్ప్‌గా రాగలగడానికి కారణం డిసిప్లిన్ కాదు, ఆవిడ.

పూర్వపక్షము: సర్కారువారు 2020 సెప్టెంబరున పబ్‌జీని నిషేధించిరి గదా, అపుడు సేనానికి తీరిక చిక్కలేదా? సమాధానము: చిక్కలేదు. నీలపు గడిలోనికి వేరొక ఆట వచ్చినది. 2021 జులైలో బీజీఎంఐ అను పేర పాతదే తిరిగివచ్చినది, 2022 జులైలో స్టోరులనుండి తొలగినది, 2023 మేలో మరల వచ్చినది. రంగులేని గడి మాత్రము మారలేదు.

విన్నపము: అన్నా, ఆట మానమని అనను, నేనూ మానలేను. టైము పదిన్నరకి మార్చు. ఆ అరగంట పాపని నువ్వు చూసుకో. మిగతా ఇద్దరితో నేను మాట్లాడాను, వాళ్లకీ సమ్మతమే.