కాస్త లేటుగా లావా యాత్ర

2023 జూలైలో ఒక రాత్రి నేను పిట్లంలో మా ఇంట్ల మంచం మీద కూర్చొని షుగర్ గోలీ నోట్లె వేసుకోబోతుంటే మేనల్లుడు వీడియో కాల్ చేసిండు. లండన్‌ల ఉండాల్సినోడు ఐస్‌లాండ్‌ల తేలిండు. ముఖం కనబడుతలేదు గాని, వెనక ఎర్రగ ఏదో పారుతున్నది.

"మామా, లావా! నా కండ్ల ముంగటనే!"

ఆ నిప్పు పుట్టిన కొండ పేరు లిత్లి హ్రూతుర్ అట. వాళ్ల భాషల చిన్న పొట్టేలు అని అర్థమట. జూలై 10న అక్కడ భూమి పగిలిందట. పోను రాను దాదాపు 20 కిలోమీటర్లు నడిచి చూసి రావాలట.

మా ఇంటామె ఫోన్‌లకు తొంగిచూసి, "పొట్టేలైతే కోసి వండుకోవాలె గాని ఎక్కుడేందిరా?" అన్నది.

నాకు మాత్రం వాని 20 కిలోమీటర్లు గుండెల గుచ్చుకున్నయ్. డాక్టరు నడువుమన్నడని నేనూ రోజూ నడుస్తనే ఉన్న. ఇంటి నుంచి బస్టాండు, అక్కడ ఒక చాయ్, మళ్ల ఇల్లు. చాయ్‌ల చక్కెర సంగతి డాక్టరు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ రోషంల ఊకోలేక, "లావా మాక్కూడ ఉన్నది తియ్‌రా" అనేసిన.

తెల్లారి చాయ్ హోటల్ల, రిటైరైన మా సైన్సు సారు చెవిల ఈ ముచ్చట వేసిన. తప్పు మాట్లాడినవని కసురుకుంటడనుకున్న. సారు చాయ్ సాసర్ల పోసుకొని, "నిజమే కదా" అన్నడు.

6 కోట్ల 60 లక్షల ఏండ్ల కింద దక్కన్‌ల నేల నెర్రెలిచ్చి లావా పొంగిందట. ఒక్కనాడు పొంగి ఊకోలేదు. పొర మీద పొర, లక్షల ఏండ్లు పొంగిందట. ఇయ్యాలటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ లావా గడ్డకట్టిన నల్లరాయి పరుచుకొని ఉన్నది. సహ్యాద్రి కొండల దగ్గర మందం రెండు కిలోమీటర్ల పైమాటే. మన దిక్కు వచ్చేసరికి దోసె అంచు లెక్క పలచబడ్డది. ఆ అంచే మన జుక్కల్, మద్నూర్ దిక్కు. డైనోసార్లు పోయింది కూడా ఆ కాలంలనే. వాటిని చంపింది మెక్సికోల పడ్డ ఉల్కనా, మన లావానా, రెండూ కలిసా అన్న పంచాయితీ ఇంకా తెగలేదట. గెట్టు పంచాయితీ మూడు తరాలు నడిచిన ఊర్ల పెరిగినోన్ని, నాకేం వింత అనిపించలేదు.

"ఇప్పుడు పోతే చూడొచ్చా సారూ?"

"చూడొచ్చు. కాకపోతే జర చల్లారింది."

వేడిది కావాల్నంటే అండమాన్ దిక్కు బారెన్ దీవి ఉన్నదట. దేశంల మండే కొండ అదొక్కటేనట. కానీ అక్కడ దిగనియ్యరు, పడవల కూసొని చూసి రావాలె. నడక లేని లావా నాకెందుకు? డాక్టరు ఒప్పుకోడు. మన దిక్కు చల్లారిందే చూసొద్దామని తేల్చుకున్నం.

మేనల్లుడు తాను మోసుకపోయిన సామాను లిస్టు పంపిండు: గ్యాస్ మాస్కు, తలకు కట్టుకునే లైటు, మడిమె దాటిన బూట్లు. మా ఇంటామె అది చదివి రెండు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం, ఒక గొడుగు సంచిల పెట్టింది. బూట్లకు బదులు మొన్న అంగట్ల కొన్న కొత్త రబ్బరు చెప్పులు తొడుక్కున్న.

బిచ్కుంద దిక్కు పోయే బస్సెక్కి, నడిమిట్ల సారు చెయ్యి చూపిన కాడ దిగినం. చేన్ల దారి పట్టినం. ఒక గట్టు మీద సారు వంగి పిడికెడంత నల్లరాయి తీసి నా చేతుల పెట్టిండు. అంత చిన్న రాయికి అంత బరువేందో! ఒంటి నిండ చిన్న చిన్న తూట్లు. లావా గడ్డకట్టేటప్పుడు లోపల చిక్కిన గాలి బుడగలట అవి. ఒక తూట్ల తెల్లగ చక్కెర పలుకు లెక్క మెరుస్తున్నది. తర్వాత నీళ్లు ఊరి ఊరి ఆ బుడగల పేరిన స్ఫటికమట. చక్కెర నాకు రాళ్లల్ల గూడ కనబడుతదని మనసుల నవ్వుకున్న. పక్కనే ఇంకో గుండు ఉల్లిగడ్డ లెక్క పొర పొర ఊడిపోతున్నది.

"ఇది పుట్టినప్పుడు వెయ్యి డిగ్రీల పైన వేడి," అన్నడు సారు. రాయిని గబుక్కున సారు చేతుల పెట్టేసిన.

అంతల వాన అందుకున్నది. గొడుగు తెరిస్తే గాలికి తిరగబడ్డది. చెట్టు కిందికి పోదామని సోయా చేన్ల అడుగు పెట్టిన. అదే నేను చేసిన తప్పు.

మొదటి అడుగుకు చెప్పుకు పావుకిలో రేగడి అంటింది. రెండో అడుగుకు అరకిలో. పది అడుగులకు నా ఎత్తు మూడు అంగుళాలు పెరిగి, పెండ్లినాడు లేని ఠీవి వచ్చింది. పదకొండో అడుగుకు కాలు పైకొచ్చింది, చెప్పు రాలేదు.

సారు గట్టు మీద నుంచే పాఠం మొదలువెట్టిండు. ఆ నల్లరాయే ఎండకు పగిలి, వానకు నాని ఈ మట్టయిందట. ఇందుల మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను ఉంటదట. దాని రేకుల నడుమ నీళ్లు చొరబడితే ఉబ్బుతదట, ఎండకు ముడుచుకొని నెర్రెలిస్తదట. గోడలు బీటలు వారేది, రోడ్లు వంకర్లు పోయేది అందుకేనట.

మంచె కింద తలమీద గోనెసంచి కప్పుకొని కూసున్న రైతు కాక ఇదంతా విని, "దాన్ని మేం జిగట అంటం సారూ" అన్నడు.

"కాకా, ఈ నేలను ప్రపంచమంత రెగుర్ అని రాసుకుంటది. ఆ మాట మన రేగడ నుంచి పోయిందే!" అన్నడు సారు.

"మాట అంత దూరం పోయిందా? మా సోయా రేటు మాత్రం ఏడున్నదో ఆడనే ఉన్నది."

నేను మోచేతి దాక చెయ్యి పెట్టి దేవులాడిన. చెప్పు దొరకలేదు. కాక నా అవస్థ చూసి, "ఎండకాలం రా సారూ. నేల నెర్రెలిచ్చినప్పుడు అదే బయటపడుతది," అన్నడు. ఆయన కాళ్లకు చెప్పులు లేవు. వట్టి కాళ్లతోని గబగబ వచ్చి, నా రెక్క పట్టుకొని గట్టెక్కించిండు. మంచె కింద ముగ్గురం రొట్టెలు తుంచుకొని తిన్నం.

ఒంటి చెప్పుతోని ఇల్లు చేరితే మా ఇంటామె కడప లోపలికి రానియ్యలేదు. వాకిట్లనే కూసోబెట్టి, బకెట్ల నీళ్లు పోస్తూ పుల్లతోని గీకింది. అప్పుడే మేనల్లుని ఫోన్.

"లావా చూసొచ్చినవా మామా? నేనైతే వేడికి దగ్గరికి పోలేకపోయిన. నువ్వెంత దగ్గరి దాక పోయినవ్?"

కిందికి చూసుకున్న.

"పిక్కల దాక," అన్న.